గీత ఉబ్బిందా? దిగిందా?

'ఈ నాణెం మీ దగ్గరుంటే రాత్రికి రాత్రే లక్షాధికారులు!' ఇలాంటి వీడియో ఒక్కటైనా మీ ఫోన్లోకి వచ్చే ఉంటుంది. కింద ఒక నంబరు, 'నాణెం ఫొటో వాట్సాప్ చేయండి' అని ఒక గొంతు. మీరైతే పైకి తోసేసి తర్వాతి వీడియోకి వెళ్లిపోయి ఉంటారు. మీ అమ్మమ్మో, బాబాయో, పక్కింటి అంకులో అలా వెళ్లకపోవచ్చు. అలాంటివాళ్లు చివరికి నా షాపుకి వస్తారు.

మాది హనుమాన్ జంక్షన్. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే హైవే మీద, ఒకపక్క నూజివీడు రోడ్డు, ఇంకోపక్క గుడివాడ రోడ్డు వచ్చి కలిసే చోటు. నాది సెల్ రిపేరు షాపు. డిస్‌ప్లేలు, చార్జింగ్ పిన్‌లు, నీళ్లల్లో పడ్డ ఫోన్లు. మదర్‌బోర్డు మీద నువ్వుగింజంత ఐసీలు పీకి పెట్టాలంటే మైక్రోస్కోప్ తప్పదు. దానికి చిన్న స్క్రీన్ కూడా తగిలించా. కస్టమర్‌కి తన బోర్డు మీద తుప్పు తన కళ్లతోనే కనబడితే బేరం తగ్గుతుంది!

ఆ స్క్రీన్ సంగతి ఊళ్లో పాకింది. 'నాణెం పెద్దగా చేసి చూపిస్తాడంట' అని. దాంతో ఫోన్ల మధ్యలో నాణేలు కూడా రావడం మొదలైంది. ఇత్తడి డబ్బాల్లో, రుమాలు మూటల్లో, పసుపు పూసిన కవర్లలో. తెచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట: "అన్నా, దీంట్లో తప్పుంది చూడు. తప్పున్న నాణేలకే కదా రేటు!"

సగం నిజమే. నాణెం మీద తప్పుకి విలువుంది. కాకపోతే అది టంకశాలలో జరిగిన తప్పు అయ్యుండాలి. బయటికొచ్చాక జరిగిందైతే దాన్ని తప్పు అనరు, దెబ్బ అంటారు. ఆ రెండింటికీ తేడా కనిపెట్టడమే ఈ విద్య మొత్తం.

చిల్లు ఎవరు పెట్టారు?

నాకు ఈ పిచ్చి పట్టించింది మా తాతయ్య. మనిషి పోయి చాలా ఏళ్లయింది. ఆయన కిరాణా కొట్టు నడిపిన రోజుల్లో చెల్లని నాణేలన్నీ ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో వేసేవాడట. 2020 లాక్‌డౌన్‌లో షాపు మూసేసి మైక్రోస్కోప్ ఇంటికి తెచ్చుకున్నా. రిపేరు చెయ్యడానికి ఫోన్లు లేవు. అటక మీద డబ్బా ఉంది. అంతే, మొదలైపోయింది.

డబ్బాలో ఎక్కువగా ఉన్నవి రాగివే. మన పెద్దవాళ్లు 'చేతిలో ఎర్ర ఏగాణీ లేదు' అంటారు కదా. ఆ ఎరుపు రాగిదే. బంగారం, వెండి ఉన్నవాళ్ల దగ్గర ఉండేవి. ఉప్పుకీ, చింతపండుకీ, సంతకీ, తిరనాళ్లకీ నడిచింది రాగి. అందుకే ఎక్కువ చేతులు మారింది, ఎక్కువ దెబ్బలు తిన్నది కూడా అదే.

మొదటి పాఠం రెండు చిల్లుల దగ్గర నేర్చుకున్నా. డబ్బాలో 1944 నాటి కాణీ ఒకటి దొరికింది, మధ్యలో గుండ్రటి చిల్లుతో. పెద్దవాళ్లు చిల్లుకాణీ అనేది దాన్నే. యుద్ధకాలంలో లోహం ఆదా చెయ్యడానికి 1943 నుంచి 1947 దాకా ప్రభుత్వమే అలా చిల్లుతో తయారుచేసింది. దాని పక్కనే 1835 నాటి ఈస్ట్ ఇండియా కంపెనీ పావు అణా. దానికీ చిల్లుంది, కాకపోతే పైఅంచు దగ్గర.

రెండూ చిల్లులే. మైక్రోస్కోప్ కింద పెడితే మాత్రం అసలు సంగతి తెలిసిపోతుంది. కాణీ చిల్లు చుట్టూ చక్కగా గట్టు కట్టి ఉంది, బొమ్మంతా ఆ చిల్లుకి చోటు వదిలేసే గీశారు. అంటే చిల్లు ముందే ప్లానులో ఉంది. పావు అణా మీద చిల్లు మాత్రం అక్షరాన్ని తినేసింది. ఒకవైపు లోహం లోపలికి నొక్కుకుపోయి, రెండోవైపు పెదవిలా బయటికి పొడుచుకొచ్చింది. ఎవరో మేకు పెట్టి సుత్తితో కొట్టారు. చిన్నపిల్లల మొలతాడుకో, మెడలో దారానికో కట్టడానికి అప్పట్లో అలా కొట్టుకునేవాళ్లు.

ఒక చిల్లు ప్రభుత్వం పెట్టింది, ఇంకోటి ఏ అమ్మమ్మో పెట్టింది. కాణీ చిల్లు లేకుండా దొరికితే అది తప్పు. పావు అణాకి చిల్లు ఉంటే అది దెబ్బ. అంటే చిల్లు ఉందా లేదా అని కాదు, ఎప్పుడు పడిందో చూడాలి.

మూడు వేళలు

నాణెం తయారీ గారెలు చెయ్యడం లాంటి పని. ముందు పిండి, తర్వాత ఒత్తుడు, ఆ తర్వాత తినడం. తప్పు ఏ దశలోదో తెలిస్తే చాలు.

మొదటిది బిళ్ళ. రాగి రేకులోంచి గుండ్రటి బిళ్ళలు కోస్తారు. రేకు సరిగ్గా జరక్కపోతే, అప్పటికే కోసిన చిల్లు మీదే మళ్లీ కోత పడుతుంది. అప్పుడు బిళ్ళ ఒకపక్క చందమామని కొరికినట్టు వస్తుంది. ఇది అసలైన తప్పు. కానీ ఎవరైనా ఫైల్ పెట్టి గీరినా అలాగే కనిపిస్తుంది. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, కొరికిన చోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచులో. బిళ్ళ నిజంగా ముందే కొరత పడ్డదైతే, గట్టు లేపేటప్పుడు అటుపక్క ఒత్తిడి సరిపోక ఎదురుగట్టు కూడా బలహీనంగా, చప్పిడిగా ఉంటుంది. ఫైల్‌తో గీరినవాడికి ఎదురుగట్టు సంగతి గుర్తుండదు.

రెండోది అచ్చు, దాంతో కొట్టే దెబ్బ. ఉక్కు అచ్చు మీద బొమ్మ తిరగేసి, గుంటగా చెక్కి ఉంటుంది. వేల దెబ్బలు కొట్టాక ఆ ఉక్కు కూడా పగులుతుంది. పగిలిన చోట సన్నటి సందు. తర్వాతి దెబ్బకి మెత్తటి రాగి ఆ సందులోకి ఎక్కుతుంది. దాంతో నాణెం మీద గీత పైకి ఉబ్బి కనిపిస్తుంది. అదే ఎవరో మేకుతోనో కత్తితోనో గీస్తే గీత లోపలికి దిగుతుంది. నా షాపుకొచ్చే తప్పుల్లో సగం ఈ ఒక్క ప్రశ్నతో తేలిపోతాయి: గీత ఉబ్బిందా, దిగిందా? ఉబ్బితే అచ్చుది. దిగితే మనిషిది.

ఇంకో అందమైన తప్పుంది. కొట్టిన నాణెం కిందపడకుండా అచ్చుకే అంటుకుపోతుంది. దాని మీదికి కొత్త బిళ్ళ వచ్చి దెబ్బ తింటుంది. అప్పుడు కొత్త నాణేనికి ఒకవైపు మామూలు బొమ్మ, రెండోవైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, గుంటగా పడుతుంది. దీన్ని బ్రోకేజ్ అంటారు. వైస్‌లో రెండు నాణేలు బిగించి దొంగ బ్రోకేజ్‌లు చేసేవాళ్లూ ఉన్నారు. కానీ వాటి మీద అసలు బొమ్మ చదునై, దాని మీద ఇంకో బొమ్మ మసగ్గా అతికినట్టుంటుంది. అసలుదాని మీద అడుగున పాత బొమ్మ అంటూ ఏమీ ఉండదు.

మూడోది బయటి జీవితం. చెమట, మట్టి, కంసాలి సుత్తి, రైలు పట్టా, చింతపండు. వీటిలో ఏదీ టంకశాల తప్పు కాదు.

ఫిలడెల్ఫియా తప్పులు

ఇదంతా నేను కాలేజీలో చదవలేదు. రాత్రిళ్లు ఫోన్లో అమెరికా వాళ్ల పాత రాగి సెంట్ల ఫొటోలు చూస్తూ నేర్చుకున్నా. నాణేల తప్పుల్ని అక్షరం అక్షరం, ఆకు ఆకు లెక్కపెట్టి చదవడంలో ఆ సెంట్లు పట్టుకున్నవాళ్ల ఓపిక చూడాల్సిందే.

అమెరికా 1792లో చట్టం చేసి ఫిలడెల్ఫియాలో టంకశాల పెట్టుకుంది. 1793లో మొదటి రాగి సెంట్లు వచ్చాయి. ఇప్పటి సెంటు కంటే చాలా పెద్దవి. అచ్చుల మీద అక్షరాల్ని ఒక్కోటిగా చేత్తో కొట్టేవాళ్లు. అందుకే ఏ రెండు అచ్చులూ ఒకేలా ఉండవు. మొట్టమొదటి సెంట్ల మీద 'అమెరికా' అని పూర్తిగా రాయకుండా 'అమెరి.' అని చుక్క పెట్టేశారు. 1796 నాటి ఒక సెంటు మీద 'లిబర్టీ' అనాల్సింది 'లిహర్టీ' అన్నట్టుంటుంది. 'బి' అక్షరాన్ని మొదట తప్పుగా కొట్టి, దాని మీదే మళ్లీ సరిచేస్తే ఆ రెండూ కలిసి 'హెచ్' లా తయారైంది.

అన్నిట్లోకీ నాకిష్టం 1801 సెంటు. ఒకే అచ్చు మీద మూడు తప్పులు! కింద 'వందో వంతు' అని చూపించే భిన్నంలో ఒకటికి బదులు సున్నా కొట్టేశారు. అంటే ఒకటి బై సున్నా సున్నా సున్నా. 'యునైటెడ్' లో 'యు' రెండు 'ఐ' ల్లా కనబడుతుంది. ఆకుల దండకి ఉండాల్సిన రెండు కాడల్లో ఒకటి మాయం. ఆ పనివాడికి ఆ రోజు మనసు ఎక్కడుందో!

ఈ సెంట్లని లోతుగా చదివినవాళ్లలో విలియం షెల్డన్ ఒకరు. వృత్తి సైకాలజీ. 1949లో ఆయన పాత సెంట్ల మీద పుస్తకం రాస్తూ, నాణెం ఎంత బాగుందో చెప్పడానికి 1 నుంచి 70 దాకా అంకెల స్కేలు పెట్టారు. ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి అమ్మే నాణేల మీద 'ఎంఎస్ 65' లాంటి అంకెలు చూసే ఉంటారు. ఆ స్కేలు పుట్టింది ఆ రాగి సెంట్ల దగ్గరే.

మన సర్కార్ల నాణెం

అమెరికా సెంట్లు చూసీ చూసీ, మన దగ్గర ఆ కాలం రాగి ఏముందా అని తాతయ్య డబ్బా మళ్లీ తిరగేశా. అడుగున మందంగా, నల్లగా ఒకటి. ఒకవైపు రెండు సింహాలు పట్టుకున్న కంపెనీ చిహ్నం, ఇంగ్లిష్‌లో '48 టు వన్ రూపీ' అని. అంటే రూపాయికి నలభై ఎనిమిది. రెండోవైపు సరుకు మూటల మీద వేసే కంపెనీ గుర్తు, 1797.

దాని కథ తెలిశాక ఆ రాత్రి నిద్రపట్టలేదు. అది మనకోసం కొట్టిన నాణెం. మనకోసం అంటే ఉత్తర సర్కార్ల కోసం. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. ఇంగ్లిష్ వాళ్లు బందరులో కొట్టు తెరిచింది 1611లో. అదే బందరుని ఫ్రెంచి వాళ్ల నుంచి గెలుచుకుంది 1759లో. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకున్నాక సర్కార్లు వాళ్ల చేతికొచ్చాయి, గుంటూరు తప్ప. అది 1788లో కలిసింది. ఆ జిల్లాల్లో నడవడానికి 1794లో ఒకసారి, 1797లో ఇంకోసారి ఈ రాగి నాణేలు చేయించారు.

చేయించింది ఇక్కడ కాదు, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ దగ్గర సోహో మింట్‌లో. దాని యజమాని మాథ్యూ బౌల్టన్, ఆవిరి యంత్రం జేమ్స్ వాట్‌కి భాగస్వామి. ఆవిరితో నడిచే ప్రెస్సుల మీద, బిళ్ళ చుట్టూ ఉక్కు రింగు బిగించి కొట్టేవాళ్లు. అన్నీ ఒకే గుండ్రం, ఒకే మందం. ఇంకో విశేషం ఏంటంటే, 1790ల చివరి నుంచి ఫిలడెల్ఫియా టంకశాల కూడా సెంట్ల కోసం ఖాళీ రాగి బిళ్ళల్ని ఇదే బౌల్టన్ దగ్గర కొనేది. అంటే లిబర్టీ బొమ్మ పడ్డ బిళ్ళా, గుడివాడ సంతలో ఉప్పుకి మారిన నాణెమూ ఒకే కార్ఖానా నుంచి వచ్చి ఉండొచ్చు!

మరి దానికి ముందు ఇక్కడ ఏం నడిచింది? బందరులోనే కంపెనీకి టంకశాల ఉండేది. మొఘల్ చక్రవర్తి పేరుతో, పార్శీ అక్షరాలతో రాగి నాణేలు కొట్టేవాళ్లు. వాటిని డబ్బులు అనేవాళ్లు. అవును, మనం ఇప్పుడు ఏటీఎంలో తీసుకునే 'డబ్బు' ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. ఇంగ్లిష్ వాళ్లు దాన్నే 'డబ్' అని రాసుకున్నారు.

బందరులో ఒక పాత ఇత్తడి సామాన్ల కొట్టులో తూకానికి కొన్న అలాంటి డబ్బు ఒకటి నా దగ్గరుంది. రాయిలా మందం, గుండ్రం కాదు. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. అందుకని రాసిన మాటలో సగమే బిళ్ళ మీద పడింది, మిగతా సగం గాల్లోకి పోయింది. యూట్యూబ్ భాషలో అది 'ఆఫ్ సెంటర్ ఎర్రర్'. కానీ ఆ రోజుల్లో అన్నీ అలాగే ఉండేవి. సుత్తితో ఒక్కోటీ చేత్తో కొట్టే చోట వంకర పడటం మామూలే. అన్నీ ఒకేలా ఉండాలని యంత్రం వచ్చి చెప్పాకే, ఒకేలా లేనిదాన్ని తప్పు అనడం మొదలైంది.

అందుకే 1797 నాణెం మీద గీత కనబడగానే నా గుండె దడదడలాడింది. అంచు నుంచి ఒక సింహం తోక దాకా వెంట్రుకంత గీత. స్క్రీన్ మీద ఫోకస్ సరిచేసి, లైటు పక్కనుంచి వేశా. ఉబ్బింది! సోహోలో అచ్చు పగిలింది. ఆ పగులులోకి రాగి ఎక్కింది. ఆ నాణెం ఓడెక్కి, సముద్రం దాటి, ఎన్ని చేతులు మారిందో, చివరికి మా తాతయ్య కొట్టుకి చేరింది.

అన్ని ఓడలూ చేరలేదు కూడా. మద్రాసు కోసం సోహోలో కొట్టిన 1808 నాటి పది కాసుల, ఇరవై కాసుల నాణేలతో బయల్దేరిన 'అడ్మిరల్ గార్డనర్' అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరంలోనే ఇసుక తిన్నెల మీద మునిగిపోయింది. 1980ల్లో ఆ రాగిని పైకి తీశారు. ఆన్‌లైన్‌లో ఇప్పటికీ అమ్ముతున్నారు. వాటి మీద కనిపించే చిన్న చిన్న గుంటలు చాలావరకు ఉప్పునీళ్లు తిన్న గుర్తులు, అచ్చు తప్పులు కావు.

బాబాయ్ పాతిక లక్షలు

కాలేజీ ఫీజులు కట్టే రోజులు. రాత్రి తొమ్మిదైంది, షట్టర్ సగం దించా. మా వీధిలో ఉండే బాబాయ్ వంగి లోపలికొచ్చాడు. చుట్టరికం లేదు, చిన్నప్పట్నుంచీ అదే పిలుపు. నూజివీడు రోడ్డులో ఆటో తోలతాడు. కూతురు ఇంజినీరింగ్ రెండో ఏడాది.

"అబ్బాయ్, నాకు యూపీఐ అవ్వట్లేదు. నీ దాంట్లోంచి పద్దెనిమిది వేలు కొట్టు. క్యాషు ఇదిగో" అని కట్ట కౌంటర్ మీద పెట్టాడు.

ఎవరికి అని అడిగా. ఫోన్ చూపించాడు. రిజర్వు బ్యాంకు ముద్రతో ఒక లెటరు, కింద సంతకం. అతని నాణెం పాతిక లక్షలకి ఎంపికైందట. రిజిస్ట్రేషన్ కింద 1,850 అప్పటికే కట్టేశాడు. ఇది జీఎస్టీ. "ఈ ఒక్కటీ కడితే రేపు సాయంత్రానికి అకౌంట్లో పడుద్దంట. పిల్ల ఫీజు సోమవారం కదా, ఈ డబ్బులు దానికే దాచా. పడగానే కట్టేస్తా."

నాణెం తీశాడు. ఒకవైపు సంజీవని కొండ మోస్తున్న ఆంజనేయుడు. రెండోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ, ఒక అణా, 1818. మా ఊరి పేరే ఆయన పేరు. మనసుకి ఎంత దగ్గరగా తగులుతుందో చూడండి.

ఇలాంటివి నా దగ్గరికి చాలా వచ్చాయి. కంపెనీ రాగిలో అణా నాణెం వెయ్యనే లేదు. అర అణా, పావు అణా, అంతకంటే చిన్నవి వేసింది. మన దేశంలో అణా బిళ్ళ వచ్చింది 1907లో, అదీ నికెల్ కలిసిన తెల్లటి లోహంతో. ఇవి పూజకో, జ్ఞాపకానికో, మోసానికో తర్వాతెప్పుడో తయారుచేసిన బిళ్ళలు. అదే చెప్పా.

బాబాయ్ నా మొహం వంక అదోలా చూశాడు. "ఈ నాణెం నీకు కావాలా ఏంట్రా?"

ఆ మాట గట్టిగానే తగిలింది. కానీ పాతిక లక్షలు వస్తాయన్నవాడు దేవుడిలా కనబడుతుంటే, రావు అన్నవాడు దొంగలా కనబడటంలో వింతేముంది? వాదించలేదు. ఆయన నాణేన్నీ, తాతయ్య పావు అణానీ పక్కపక్కన మైక్రోస్కోప్ కింద పెట్టా. కంపెనీ నాణెం అరిగిపోయినా అక్షరాల అంచులు నిటారుగా ఉన్నాయి. ఆయన బిళ్ళ మీద అక్షరాలు కరిగిన బెల్లంలా గుండ్రంగా, నేల అంతా సన్నటి బుడగల గుంటలతో ఉంది. అది ముద్ర కొట్టింది కాదు, పోతపోసింది. బాబాయ్ చూశాడు. అయినా కట్ట మీద చెయ్యి తియ్యలేదు.

"పోనీ ఒక్కటి చెయ్ బాబాయ్. కొనేవాడికి మెసేజ్ పెట్టు. నాణెం బరువు ఎంతుండాలి అని అడుగు."

వాయిస్ మెసేజ్ పెట్టాడు. నిమిషంలో జవాబొచ్చింది. బరువుతో పనిలేదు సార్, ముందు చార్జీలు కట్టండి, పదింటికి ఆఫర్ క్లోజ్ అయిపోద్ది అని.

బాబాయ్ దాన్ని రెండోసారి విన్నాడు. మూడోసారీ విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "సెకండ్ హ్యాండ్ టైరు కొనాలన్నా గోరుతో గీరి, తిప్పి చూస్తాం కదరా. పాతిక లక్షలిచ్చేవాడు బరువు అడగడా?"

నేను ఏడాది చెప్పినా అంత బాగా చెప్పలేను.

అప్పుడే 1930కి ఫోన్ చేసి కంప్లయింట్ రాయించాం. ఆ 1,850 ఇంతవరకు తిరిగి రాలేదు. పద్దెనిమిది వేలు మాత్రం సోమవారం కాలేజీకి వెళ్లాయి.

ఆ రాత్రి వెళ్లబోతూ బాబాయ్ మూటలో మిగిలిన నాణెం ఒకటి తీశాడు. "ఇది చిల్లు పడ్డదంట, దేనికీ పనికిరాదని వాడే చెప్పాడు." 1835 పావు అణా. స్క్రీన్ మీద పెట్టా. మేకు చిల్లే. కానీ చిల్లు పైఅంచు ఒక్కచోట మాత్రం అద్దంలా నున్నగా అరిగిపోయి ఉంది. దారం అరగదీసింది. ఏళ్ల తరబడి ఎవరి ఒంటి మీదో వేలాడితే తప్ప అలా అరగదు.

"మా నాన్న చిన్నప్పుడు దిష్టికి ఏదో కట్టేదాన్నని నాయనమ్మ చెప్పేది. ఇదేనేమో" అన్నాడు. రేటు అడగలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు, మూటలో కాదు. ఆంజనేయుడి బిళ్ళ సంగతి తర్వాత పిన్ని చెప్పింది. దేవుడి గూట్లో పెట్టిందట. అక్కడ దాని మీద ఏ సంవత్సరం రాసుంటే ఏం?

మీ ఇంట్లో డబ్బా ఉంటే

నాణేలు చూడాలంటే మైక్రోస్కోప్ అక్కర్లేదు. మీ ఫోన్ కెమెరా, టార్చ్ ఉన్న ఇంకో ఫోన్ చాలు. గది లైటు ఆపి, టార్చ్‌ని నాణేనికి పక్కనుంచి, బాగా కిందుగా వెయ్యండి. ఉబ్బిన గీతకి అవతలి పక్క నీడ పడుతుంది, దిగిన గీతకి లోపలే నీడ ఉంటుంది. నాణెం మందం చుట్టూ కూడా చూడండి. పోతపోసినవాటికి అక్కడ అతుకు గీత కనబడొచ్చు.

వెండి కొట్టులో అడిగి తూయించండి. 1835 పావు అణా కొత్తగా ఉన్నప్పుడు సుమారు ఆరున్నర గ్రాములు. అరుగుదలకి కొంచెం తగ్గొచ్చు, పెరగడానికి మాత్రం వీల్లేదు. అయస్కాంతానికి అతుక్కుంటే అది రాగి కాదు.

దయచేసి చింతపండుతో తోమకండి. పూజ సామాన్లకి అది మంచిదే. రాగి నాణేనికి మాత్రం వందేళ్లుగా పట్టిన గోధుమ రంగు పొరే దాని చొక్కా. తోమితే మెరుస్తుంది, విలువ పోతుంది.

జేబులో రూపాయి నాణెం ఉంటే సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్ మింట్, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. అవి తప్పులు కావు, చిరునామాలు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి ఐదు రూపాయల నాణెం కూడా అంతే. ప్రభుత్వమే జనంలోకి వదిలింది. నక్షత్రం చూపించి లక్షలంటే నమ్మకండి.

కంపెనీ పావు అణాలు కోట్ల కొద్దీ కొట్టారు. మామూలుగా అరిగినవి అమ్మితే వందల్లోనే మాట. నిజమైన తప్పు ఉంటే ఎక్కువే వస్తుంది, కానీ కొనేవాడు ముందు బరువు అడుగుతాడు, రెండువైపులా ఫొటోలు అడుగుతాడు, చేతిలోకి తీసుకుని చూస్తానంటాడు. మీ దగ్గర డబ్బు మాత్రం అడగడు. పాత నాణేలు, నోట్ల కొనుగోళ్ల పేరుతో తమ ముద్ర వాడి చార్జీలు, పన్నులు వసూలు చేస్తున్నారని, వాటితో తమకి సంబంధం లేదని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో జనాన్ని హెచ్చరించింది.

ఇంకొక మాట. పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో నాణేల కుండ బయటపడితే అది దొరికినవాడి సొంతం అయిపోదు. 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకి చెప్పాలి. వందేళ్లు దాటిన నాణేల్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు కూడా. అమెరికాలో ఉన్న అన్నయ్యకి కొరియర్ చేసేముందు గుర్తుపెట్టుకోండి.

ఈ మధ్య సాయంత్రాలు ఇంటర్ పిల్లలు ఇద్దరు ముగ్గురు వస్తున్నారు, ఇంట్లో దొరికిన నాణేలు పట్టుకుని. మొదటిసారి అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎంతొస్తుందన్నా?" నేను టార్చ్ చేతికిచ్చి ఉబ్బిందో దిగిందో చెప్పమంటా. కౌంటర్ మీద తలలు మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తారు, పోట్లాడుకుంటారు. మొన్న ఒకడు రెండోసారి వచ్చాడు. కౌంటర్ మీద నాణెం పెట్టి, రేటు ఊసే ఎత్తకుండా, "అన్నా, ఇది దిగింది. కానీ ఎవరు గీశారంటావ్?" అన్నాడు.